వేర్వేరు ద్వారాలు – ప్రవేశ పరీక్షల వేళ విశ్వాసి హృదయం

సకల స్తోత్రాలకు అర్హుడు అల్లాహ్ ఒక్కడే. మనం నోరు విప్పకముందే మన గుండెలోని గుబులును ఎరిగినవాడు ఆయనే. ఆయన ప్రియ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వారిపై, ఆయన కుటుంబీకులపై, సహాబాలందరిపై శాంతి, శుభాలు కురియుగాక!

 

ఇది మే మాసం. ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడ్డాయి. నీట్ ముగిసింది. ఈఏపీసెట్‌ను కొందరు వ్రాశారు, కొందరు వ్రాయబోతున్నారు. దాని పేరు మారి ఏళ్ళు గడిచినా మన ఇళ్ళలో అది ఇప్పటికీ ఎంసెట్టే! ఈ రోజుల్లో ఫజ్ర్ నమాజుకు పిల్లలు ఎక్కువగా వస్తారు. చూడటానికి సంతోషంగానే ఉంటుంది. కాని సలాం తర్వాత వారి ముఖాల వైపు చూస్తే ఆ సంతోషం నిలువదు. కళ్ళ క్రింద నలుపు, ఎండిన పెదవులు, చేతులెత్తి చాలాసేపు దుఆ చేస్తున్నా ఎక్కడో తిరుగుతున్న చూపు. కొందరు తల్లులు పెన్నులు, హాల్ టికెట్లు పంపి దమ్ చేయమంటారు. పిల్లవాని కోసం దుఆ చేసి పంపుతాను. పంపేటప్పుడు తెచ్చినవారిని ఒక్క ప్రశ్న అడుగుతాను: “అబ్బాయి రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడు?” చాలామందికి సమాధానం తెలియదు. ఎన్ని మార్కులు రావచ్చునో మాత్రం వెంటనే చెప్పగలరు.

కనుక ఈ రోజు ఆ ఆందోళన గురించే మాట్లాడుకుందాం.

మొట్టమొదట ఒక అపోహను తొలగించవలసి ఉంది. పిల్లవాడు “నాకు భయంగా ఉంది, గుండె దడదడలాడుతోంది” అంటే మనలో చాలామంది ఇచ్చే సమాధానం ఒకటే: “నీ ఈమాన్ బలహీనంగా ఉంది. అల్లాహ్‌పై నమ్మకం ఉంటే భయమెందుకు?” ఈ మాట వినడానికి ధార్మికంగా ఉంటుంది. కాని ఖుర్ఆన్ మనకు నేర్పిన మాట ఇది కాదు. అప్పటికే పరీక్ష భయంతో కుంగిపోతున్న పిల్లవాని తలపై అవిశ్వాసపు భయాన్ని కూడా పెట్టడమే ఇది.

హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తల్లిని గుర్తుచేసుకోండి. ఫిరౌన్ మగ శిశువులను వధిస్తున్న కాలమది. బిడ్డను నదిలో విడిచిపెట్టమని ఆమెకు అల్లాహ్ స్ఫూరింపజేశాడు. అతణ్ణి తిరిగి ఆమె ఒడికి చేరుస్తానని, ప్రవక్తగా నిలుపుతానని కూడా వాగ్దానం చేశాడు. ఇంతకంటే గట్టి హామీ ఏ తల్లికైనా లభించిందా? అయినా, ఆ ఉదయం ఆమె హృదయం పూర్తిగా శూన్యమైపోయిందని సూరా ఖసస్ మనకు తెలియజేస్తోంది. అల్లాహ్ ఆమె హృదయాన్ని పట్టి నిలపకపోతే ఆమె రహస్యాన్ని బయటపెట్టేసేదే. చూడండి! స్వయంగా అల్లాహ్ నుండి వాగ్దానం పొందిన స్త్రీ గుండె కూడా ఖాళీ అయింది. ఖుర్ఆన్ ఆమెను నిందించలేదు, ఆమె ఈమాన్‌ను ప్రశ్నించలేదు. మరి ఏ వాగ్దానమూ లేని పదిహేడేళ్ళ పిల్లవాడు కౌన్సెలింగ్ తేదీ తలచుకుని వణికితే అతణ్ణి మనం ఎలా నిందించగలం?

ఆమె ఏం చేసిందో కూడా గమనించండి. ఏడుస్తూ కూర్చోలేదు. కూతురిని పిలిచి, తమ్ముడి జాడ కనిపెట్టుకుంటూ వెళ్ళమంది. హృదయం శూన్యమైన స్థితిలోనే చేయదగిన పని చేసింది.

తర్వాత ఆ కుమారుడే పెరిగి పెద్దవాడై ఫిరౌన్ ఎదుట నిలిచాడు. అది ఒక రకంగా పరీక్షాదినమే. పండుగ రోజు, ప్రొద్దెక్కే వేళ, జనులందరూ గుమిగూడి ఉన్నారు. ఎదుట నేర్పరులైన మాంత్రికులు. మూసా (అ) తన చేతికర్ర సర్పంగా మారడం అంతకుముందే కళ్ళారా చూశారు. ఈనాటి భాషలో చెప్పాలంటే, సమాధానం ఆయనకు ముందే తెలుసు. అయినా మాంత్రికుల త్రాళ్ళు పాకుతున్నట్లు కనిపించగానే ఆయన మనసులో భయం కలిగిందని సూరా తాహా చెబుతోంది. చదివిన పాఠం ప్రశ్నపత్రం చూడగానే మరచిపోయిన విద్యార్థులారా! ఆ స్థితి మీకు మాత్రమే రాలేదు. అల్లాహ్ తన ప్రవక్తకు ధైర్యం చెప్పాడు, ఆ వెంటనే పని కూడా చెప్పాడు: కుడిచేతిలో ఉన్నదానిని పడవేయమని. మాంత్రికుల చేతిలో ఏముందో లెక్కపెట్టుకోమనలేదు, నీ చేతిలో ఉన్నదానితో పని మొదలుపెట్టమన్నాడు.

అంతకుముందు, ఫిరౌన్ వద్దకు వెళ్ళమని ఆజ్ఞ అయినప్పుడు మూసా (అ) ఏమేమి కోరుకున్నారో మీకు తెలుసు. ఆ దుఆ మన పిల్లలందరికీ కంఠస్థమే. హృదయ వైశాల్యం కోరారు, పని సులభం కావాలని కోరారు, నాలుక ముడి విప్పమని కోరారు. పిల్లలు ఇంతవరకే చదివి ఆపేస్తారు. కాని మూసా (అ) అక్కడ ఆగలేదు. తన సోదరుడు హారూన్ (అ)ను తనకు తోడుగా ఇవ్వమని కూడా అడిగారు. అల్లాహ్‌తో నేరుగా సంభాషించిన ప్రవక్త “నాకు ఒక మనిషి తోడు కావాలి” అని అడిగారంటే, భయపడే పిల్లవాడు అన్ననో, ఉపాధ్యాయుణ్ణో, వైద్యుణ్ణో తోడుగా కోరుకోవడంలో అవమానమేముంది? అది తవక్కుల్‌కు విరుద్ధం ఎలా అవుతుంది?

ఇక మన ప్రవక్త (స) విషయానికి వద్దాం. హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి) ఉల్లేఖించగా బుఖారీలో ఒక ప్రసిద్ధ దుఆ ఉంది. ప్రవక్త (స) దానిని తరచుగా చేస్తుండగా తాను వినేవాడినని అనస్ (రజి) అంటారు. అందులో ఎనిమిది విషయాల నుండి అల్లాహ్ శరణు కోరడం జరిగింది. ఆందోళన, దుఃఖం, అశక్తత, సోమరితనం, పిసినారితనం, పిరికితనం, అప్పుల భారం, మనుషుల పెత్తనం. మొదటి రెండింటికి అరబీలో హమ్, హజన్ అని పేర్లు. రానున్నదాని గురించిన దిగులు హమ్, గడచినదాని గురించిన దిగులు హజన్ అని పండితులు వివరించారు. మానవులలో సర్వశ్రేష్ఠుడు అస్తమానం హమ్ నుండి శరణు కోరేవారంటే, అది మనిషి గుండెపై దండెత్తే వాస్తవమైన శత్రువని అర్థం. లేని శత్రువు నుండి ఎవరూ శరణు కోరరు.

ఆ ఎనిమిదింటిని ఈ పరీక్షల కాలంలో మరొకసారి వరుసగా చదివి చూడండి. హృదయంలోని దిగులుతో మొదలై, అప్పుల వద్దకు, మనుషుల పెత్తనం వద్దకు వచ్చి ఆగుతుంది ఆ దుఆ. మన పిల్లల ఆందోళనలో కూడా నాకు కనిపించేది ఈ దారే. పిల్లవాడు నిజంగా భయపడుతున్నది భౌతికశాస్త్రానికి కాదు. ఇంట్లో అమ్మీ గాజులు కుదువపెట్టి కోచింగ్ ఫీజు కట్టారన్న సంగతి అతనికి తెలుసు. తలుపు చాటున అబ్బాజాన్ వడ్డీ వ్యాపారితో ఫోనులో మాట్లాడటం విన్నాడు. పెద్దనాన్న కొడుక్కి సీటు వచ్చింది. పండుగ నాడు బంధువులందరూ అడుగుతారు. “నలుగురూ ఏమంటారో” అన్న మాటే ఆ ఇంట్లో రాజ్యం చేస్తోంది. దుఆలో చెప్పబడిన మనుషుల పెత్తనమంటే యుద్ధంలో ఓడినవారికే పరిమితం కాదు సుమా! సీటు కొనడానికి వడ్డీ అప్పు చేసే తండ్రులకు ఒక్క మాట: హరామ్ పునాదిపై కట్టిన సీటులో బర్కత్ వెదకకండి. ఆ అప్పు తీర్చే బాధ్యతను చెప్పకుండానే మీ బిడ్డ భుజాలపై పెడుతున్నారు.

సోదరులారా! ఆందోళన శరీరాన్ని కూడా పట్టి కుదిపేస్తుందని మన పూర్వ విద్వాంసులు బాగా ఎరిగినవారే. క్రీస్తు శకం 934లో పరమపదించిన అబూ జైద్ అల్ బల్ఖీ ‘మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్’ అనే గ్రంథం వ్రాశారు. శరీర ఆరోగ్యానికి ఒక భాగం, మనసు ఆరోగ్యానికి ఒక భాగం. కోపం, భయం, దుఃఖం, వస్వసా అని మనసు బాధలను విడివిడిగా చర్చించారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే అత్యవసర మందులు ఇంట్లో దాచుకున్నట్లు, మనసు నెమ్మదిగా ఉన్నప్పుడే మంచి ఆలోచనలను సిద్ధం చేసుకుని ఉంచుకోవాలని, భయం ముంచుకొచ్చినప్పుడు అవి పనికివస్తాయని ఆయన సలహా. వెయ్యేళ్ళకు పైబడిన మాట ఇది.

ఇమామ్ గజాలీ సంగతి ఇంకా ఆశ్చర్యకరం. బాగ్దాదులోని నిజామియా మదరసాలో ఆచార్య పీఠం ఆయనది. ఆ కాలంలో విద్వాంసులు అంతకంటే పెద్ద సీటును ఊహించలేరు. హిజ్రీ 488లో, అనగా క్రీస్తు శకం 1095లో, లోపల చెలరేగిన సంఘర్షణ వలన ఆయన నాలుక ముడుచుకుపోయింది. పాఠం చెప్పబోతే మాట రాలేదు. అన్నపానీయాలు సయించలేదు. ఇది హృదయంలో మొదలై శరీరానికి పాకిన వ్యాధి అని వైద్యులు తేల్చి చెప్పారు. ఈ వృత్తాంతాన్ని ‘అల్ మున్ఖిజ్ మినద్దలాల్’లో ఆయన దాచకుండా స్వయంగా వ్రాసుకున్నారు. హుజ్జతుల్ ఇస్లామ్ అని లోకం పిలిచే ఇమామ్ తన బాధను బయటకు చెప్పుకున్నారు. మన పిల్లలు మాత్రం చెప్పుకోకూడదా? మరొక సంగతి: ఆయనకు ఆ బాధ కలిగింది సీటు దొరకనందుకు కాదు, అత్యున్నత స్థానంలో కూర్చుని ఉండగానే. కోరిన సీటు వస్తే అన్ని దిగుళ్ళూ తీరిపోతాయని నమ్మే యువకులు ఈ సంగతిని నెమ్మదిగా ఆలోచించాలి.

ఇప్పుడు తండ్రుల వైపు తిరుగుతున్నాను. ఈ ప్రసంగంలో అసలు భాగం ఇదే.

హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కుమారులు ధాన్యం కోసం రెండవసారి మిస్ర్‌కు బయలుదేరారు. ఈసారి చిన్న కుమారుణ్ణి కూడా వెంట పంపవలసి వచ్చింది. యూసుఫ్ (అ)ను పోగొట్టుకున్న తండ్రి గుండె ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. ఆయన వారికి చెప్పిన జాగ్రత్త సూరా యూసుఫ్‌లో ఉంది. అందరూ కలిసి ఒకే ద్వారం గుండా నగరంలోకి వెళ్ళవద్దని, వేర్వేరు ద్వారాల గుండా వెళ్ళమని చెప్పారు. దిష్టి తగులుతుందేమోనని అలా చెప్పారని ఎక్కువమంది వ్యాఖ్యాతలు అంటారు. కారణం ఏదైనా కానివ్వండి, నన్ను ఎప్పుడూ ఆకట్టుకునేది ఆ వెంటనే ఆయన అన్న మాట. అల్లాహ్ నిర్ణయం ముందు తన ఈ ఉపాయం ఏమీ చేయలేదని, తన భరోసా ఆయన మీదేనని కూడా ఆ తండ్రి అదే శ్వాసలో చెప్పారు. ఉపాయమూ చెప్పారు, తవక్కుల్ కూడా నేర్పారు. ఒకదాని కోసం మరొకదానిని వదలలేదు.

మనమేం చేస్తున్నాం? పుట్టిన నాడే బిడ్డకు ఒకే ద్వారం చూపిస్తున్నాం. డాక్టర్, లేదా ఇంజనీరు. అందులోనూ ఫలానా కాలేజీ, ఫలానా బ్రాంచి. మిగిలిన ద్వారాలన్నిటిపై “పరువు తక్కువ” అని పలక వ్రేలాడదీస్తున్నాం. ఆ ఒక్క ద్వారం మూసుకుంటే ఇక పిల్లవానికి గోడ తప్ప మరేమీ కనబడదు. కొద్దిగా లెక్క చూడండి. 2024లో నీట్ వ్రాసినవారు 23 లక్షలకు పైమాటే. దేశమంతటా ఆనాడు ఉన్న ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షకు కాస్త పైన. అందరూ రాత్రింబవళ్ళు చదివినా, అందరి తల్లులూ తహజ్జుద్‌లో ఏడ్చినా, 20 లక్షల మందికి పైగా ఆ ద్వారం బయటే ఉండక తప్పదు. అది కేవలం అంకెల లెక్క. బయట నిలిచినవారిలో మీ బిడ్డ ఉంటే అతనిపై అల్లాహ్ ఆగ్రహం కురిసిందని అర్థం కాదు. అతడు సోమరి అని కూడా అర్థం కాదు.

ఉపాధి సంగతి అంటారా? భూమిపై సంచరించే ప్రతి ప్రాణి ఉపాధి బాధ్యత అల్లాహ్ తనపై వేసుకున్నాడని సూరా హూద్ చెబుతోంది. ఆ బాధ్యతను ఆయన ఏ కౌన్సెలింగ్ కేంద్రానికీ అప్పగించలేదు.

ఇంట్లో పిల్లలతో ఎలా మెలగాలో మళ్ళీ అనస్ (రజి) నుండే నేర్చుకుందాం. ఆయన పదేళ్ళ ప్రాయంలో ప్రవక్త (స) సేవకు వచ్చి పదేళ్ళు సేవ చేశారు. ఆ పదేళ్ళలో ప్రవక్త (స) తనను ఒక్కసారి కూడా విసుక్కోలేదని, ఎందుకిలా చేశావని గాని, ఎందుకు చేయలేదని గాని నిలదీయలేదని ఆయన చెప్పారు. ఇంట్లోవారు ఎవరైనా ఆ బాలుణ్ణి మందలించబోతే ప్రవక్త (స) వారించేవారు. వదిలేయండి, జరగవలసి ఉంటే జరిగి ఉండేది అనే భావంతో వారికి నచ్చజెప్పేవారు. ఈ ఉల్లేఖనం ముస్నద్ అహ్మద్‌లో ఉంది. ఇక్కడ కాస్త ఆగండి. తఖ్దీర్ మాటను ప్రవక్త (స) ఎవరికి చెప్పారు? పిల్లవానికి కాదు, పిల్లవానిపై విరుచుకుపడుతున్న పెద్దలకు. మనం దానిని తలక్రిందులు చేశాం. మార్కులు తగ్గితే మొదట పిల్లవాణ్ణి నిందిస్తాం. అతడు ఏడ్చి ఏడ్చి ముడుచుకుపోయాక “నీ తఖ్దీర్‌లో లేదు, వదిలెయ్” అంటాం. ఆ మాట మొదటే మనకు మనం చెప్పుకుని ఉంటే నింద మన నోటి నుండి వచ్చేదే కాదు.

కాబట్టి తండ్రులారా, ఫలితం వెలువడిన తర్వాత కాదు, ముందే, ఈ రోజే ఇంటికి వెళ్ళి బిడ్డను ప్రక్కన కూర్చోబెట్టుకోండి. “బేటా, సీటు వచ్చినా రాకపోయినా ఈ ఇంట్లో నీ స్థానం మారదు. పేపరు ఎలా వ్రాసినా నాకు చెప్పవచ్చు, నేను కోప్పడను” అనండి. మనసులో ఉంది కదా, నోటితో చెప్పాలా అనుకోకండి. మీ మనసులోని మాట అతనికి వినిపించదు. ఫలితం వచ్చాక చెబితే అతనికి అది ఓదార్పుగానే వినిపిస్తుంది. ముందే చెబితే నిజమని నమ్ముతాడు.

కుమార్తెల విషయం కూడా చెప్పి తీరాలి. కొన్ని ఇళ్ళలో కుమారునికి మూడవసారి లాంగ్ టర్మ్ కోచింగ్‌కు డబ్బు దొరుకుతుంది. కుమార్తె ఒక్కసారి తప్పితే చాలు, పెళ్ళి సంబంధాలు వెదకడం మొదలవుతుంది. ఆ ఆడపిల్ల పరీక్ష హాలులో మోసే భారాన్ని మగపిల్లవాడు ఊహించలేడు. సంతానం మధ్య న్యాయంగా వ్యవహరించమన్న ప్రవక్త (స) ఆదేశం కేవలం కానుకలకు సంబంధించినదని ఎవరు చెప్పారు?

ఇక యువకులారా! మీతో. యాఖూబ్ (అ) చెప్పిన వేర్వేరు ద్వారాలు మీ ఎదుట నిజంగానే ఉన్నాయి. నేను మదరసాలో చదువుకున్నవాణ్ణి. కాని ఏటా మిమ్మల్ని చూస్తూ కొంత తెలుసుకున్నాను. ఇంటర్‌లో ఏదైనా సబ్జెక్టు తప్పినవారికి అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది, సంవత్సరం వృథా కానక్కరలేదు. వైద్యం పట్ల మీకున్న ప్రేమ నిజంగా రోగుల సేవ కోసమే అయితే నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ కూడా రోగి పడక ప్రక్కకే చేరుస్తాయి. పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తిచేసినవారు ఈసెట్ ద్వారా నేరుగా ఇంజనీరింగ్ రెండవ సంవత్సరంలో చేరవచ్చు. న్యాయశాస్త్రం, వ్యవసాయ శాస్త్రం, డిగ్రీ తర్వాత బి.ఎడ్. ఉన్నాయి. ఉర్దూ మాధ్యమంలో చదివినవారికి హైదరాబాదులో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నాయి.

ఒంటెను కట్టివేసి, ఆపై తవక్కుల్ చేయమన్న ప్రవక్త (స) మాట మీరంతా విన్నదే. ఈ మాసంలో ఒంటెను కట్టడమంటే ఏమిటో స్పష్టంగా చెబుతాను. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఇప్పుడే సిద్ధం చేసుకోండి. మన కుటుంబాలలో చాలామంది బి.సి.–ఇ వర్గంలో 4 శాతం రిజర్వేషన్‌కు అర్హులు. ఆ జాబితాలో లేనివారికి ఆదాయ పరిమితికి లోబడి ఈ.డబ్ల్యు.ఎస్. ఉంది. పత్రం సమయానికి చేతికి రాక, అర్హత ఉండి కూడా సీటు పోగొట్టుకున్న పిల్లలను చూశాను. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు నాలుగైదు కాలేజీలతో ఆపేయకండి. ఇష్టమైన క్రమంలో వీలైనన్ని పెట్టండి. పరువు కోసం జాబితాను కుదించడం మూర్ఖత్వం. రెండు మార్గాల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతే ఇస్తిఖారా నమాజు చేయండి. ప్రవక్త (స) తమకు ఖుర్ఆన్ సూరా నేర్పినంత శ్రద్ధగా ఇస్తిఖారాను నేర్పేవారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. అయితే కలలో ఏదో కనిపించాలని ఎదురుచూడకండి. అది షరతు కాదు. తెలిసినవారిని సంప్రదించి, రెండు రకాతులు చదివి, దుఆ చేసి, మనసు మొగ్గిన వైపు అడుగు వేయండి.

మరి రాత్రి పుస్తకం మూసిన తర్వాత నిద్ర రాకపోతే? వుజూ చేసి కుడిప్రక్కకు తిరిగి పడుకోవడం సున్నత్. ఇందాక చెప్పిన ఎనిమిది విషయాల దుఆ ఆ సమయంలో చదువుకోండి, అర్థం తలచుకుంటూ నెమ్మదిగా చదవండి. ఫోనును వేరే గదిలో పెట్టండి. ర్యాంకులు పోల్చుకునే వాట్సాప్ గ్రూపులలో తెల్లవారుజామున రెండు గంటలకు మేలు చేసేదేదీ ఉండదు. పరీక్ష ముగిశాక ‘కీ’తో సరిచూసుకుంటూ “అలా వ్రాసి ఉంటే, ఇలా చేసి ఉంటే” అని కుమిలిపోకండి. మేలు చేకూర్చే దానికై పాటుపడమని, అల్లాహ్ సహాయం అర్థించమని, నిస్సహాయంగా కూలబడవద్దని చెప్పిన ప్రవక్త (స), ఏదైనా జరిగిపోయాక ఆ “ఉంటే” అనే మాట షైతాను పనికి దారి తెరుస్తుందని హెచ్చరించారు. ఈ హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది. తప్పిన ప్రశ్న నుండి పాఠం నేర్చుకోండి, కాని దానితో కాపురం చేయకండి.

ఇప్పుడు చెప్పబోయే మాట చెప్పడానికి నాకు కష్టంగా ఉంది. అయినా మింబర్‌పై నుండి చెప్పకపోతే మరెక్కడా చెప్పలేం.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన తర్వాత కొద్దిరోజులలోనే ఇరవై మందికి పైగా పిల్లలు తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. 2022లో దేశవ్యాప్తంగా ఇలా మరణించిన విద్యార్థులు 13 వేలకు పైగా ఉన్నారని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క తేల్చింది. ఇది ఇతరుల ఇళ్ళలో మాత్రమే జరిగే సంగతి అనుకోకండి. ప్రాణం అల్లాహ్ అమానత్, దానిని తీసుకునే హక్కు మనకు లేదు. ఈ విషయంలో ఖుర్ఆన్ నిషేధం స్పష్టంగా ఉంది. ఎంత కష్టం వచ్చినా మరణాన్ని కోరుకోవద్దని, మరీ భరించలేకపోతే, బ్రతుకు మేలైనంత కాలం బ్రతికించమని అల్లాహ్‌ను వేడుకోమని ప్రవక్త (స) నేర్పారు. భరించలేని స్థితి ఒకటి ఉంటుందని ఆయన ఎరిగి చెప్పిన మాట అది.

అటువంటి ఆలోచన ఎవరి మనసులోనైనా మెదిలితే వినండి. ఆ ఆలోచన వచ్చినందుకు మీరు కాఫిర్ కాలేదు. సిగ్గుపడకండి, ఒంటరిగా ఉండకండి. ఇంట్లో ఎవరికైనా చెప్పండి. ఇంట్లో చెప్పలేకపోతే నా దగ్గరకు రండి. తహజ్జుద్ వేళ అయినా సరే, మస్జిదు వెనుక గది తలుపు తట్టండి. ‘టెలీ మానస్’ అనే ప్రభుత్వ సేవ ఉంది. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. మందు లేని వ్యాధిని అల్లాహ్ పంపలేదన్నది ప్రవక్త (స) బోధన. మనసు వ్యాధి అందుకు మినహాయింపు కాదు. వైద్యుని వద్దకు వెళ్ళడం సున్నత్‌కు అనుగుణమైన పనే. తల్లిదండ్రులారా! బిడ్డ తిండి మానేసినా, మాట తగ్గించినా, తన వస్తువులు ఇతరులకు పంచిపెడుతున్నా, “నేను లేకపోతే మీకు భారం తగ్గుతుంది” అన్నా, దానిని నాటకం అనుకోకండి. ఆ రాత్రి అతణ్ణి ఒంటరిగా వదలకండి, తెల్లవారగానే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి.

ఇప్పటికే ఆ దుఃఖం మోస్తున్న కుటుంబాలు కూడా ఈ మాటలు వింటూ ఉండవచ్చు, చదువుతూ ఉండవచ్చు. వారిని మాటలతో పొడవకండి. వ్యాధి బాధ ఓర్వలేక తన ప్రాణం తానే తీసుకున్న ఒక ముహాజిర్ కోసం ప్రవక్త (స) క్షమాభిక్ష వేడుకున్న ఉదంతం ముస్లిం గ్రంథంలో ఉంది. ఆయన (స) చేతులెత్తి దుఆ చేసిన చోట తీర్పు చెప్పడానికి మనమెవరం?

ఓ అల్లాహ్! ఈ ఏడాది పరీక్షలు వ్రాసిన, వ్రాయబోతున్న మా బిడ్డలందరి హృదయాలను, మూసా తల్లి హృదయాన్ని నిలిపినట్లు, పట్టి నిలుపు. వారి శ్రమను స్వీకరించు. మేము కోరిన ద్వారం వారికి మేలైతే దానిని తెరువు. మేలు మరొక ద్వారంలో ఉంటే దానివైపు వారిని నడిపించు, దానితో వారి మనసులను తృప్తిపరచు. వారి ముందు మా నాలుకలను అదుపులో ఉంచు. అప్పుల భారం నుండి, మనుషుల పెత్తనం నుండి మమ్మల్ని కాపాడు. ఆమీన్.

చివరగా ఒక ప్రకటన. నమాజు తర్వాత కౌన్సెలింగ్ గురించి తెలిసిన ముగ్గురు సోదరులు మదరసా గదిలో అస్ర్ వరకు కూర్చుంటారు. ఫలితాలు వచ్చేవరకు ప్రతి జుమాకూ ఇలాగే ఉంటారు. హాల్ టికెట్, ఆధార్, పదవ తరగతి మెమో నకళ్ళు తెచ్చుకోండి. స్త్రీల కోసం ప్రక్క గదిలో ఒక ఉపాధ్యాయురాలు ఉంటారు. తండ్రులు కూడా పిల్లలతో కలిసి వస్తే బాగుంటుంది.